అనేవాడు కాదు, అంటాడు

సభకి పెద్దగా కూర్చున్న మన గ్యారేజీ సూపరింటెండెంటు గారికి, కొత్త చొక్కా మెడ దగ్గర గీరుకుంటున్నా ఫొటో చెడిపోతుందని కదలకుండా కూర్చున్న ఈ వేళ్టి రిటైర్మెంటు పెళ్ళికొడుకు, బస్సుల సొట్టలు తీసే మా మేస్త్రికి, ముందు వరుసలో ఉన్న వాళ్ళావిడకి, అంటే నాకు చెల్లెమ్మకి, ఆవిడ పక్కనే ఫోన్ని మూడు కాళ్ళ కర్రకి బిగించి నా ముక్కుపుటాలు వీడియో తీస్తున్న వాళ్ళ మేనకోడలికి, ఇంజన్లవాళ్ళకి, టైర్లవాళ్ళకి, కరెంటువాళ్ళకి, నా పెయింటు షెడ్డువాళ్ళకి, టిఫిన్ పొట్లాల మీద చూపు నిలిపి వెనక తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవర్లకి, కండక్టర్లకి, అందరికీ నమస్కారం.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దలంతా చాలా బాగా మాట్లాడారు. స్టోర్ కీపర్ గారు మా మేస్త్రిని మచ్చలేని మనిషి అన్నారు. హెడ్ క్లర్కు గారు కోపమంటే ఎరగని మనిషి అన్నారు. సార్, లప్పం అంటే ఏమిటో ఈ హాల్లో అందరికీ తెలుసు. బండికి గుంత పడితే దాన్ని సరిచెయ్యకుండా పైన ముద్ద పూసి, గీకి, రంగేసి, అసలేమీ జరగనట్టు నిలబెట్టే పదార్థం. ఇందాకటినుంచి ఈ వేదిక మీద డబ్బాలకి డబ్బాలు లప్పం పూశారు. నేను పెయింటర్ని కదండీ, చూస్తే తెలిసిపోదూ? (నవ్వులు)

నేను ఆ పని చెయ్యను. నా చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది, మిగతాదంతా బస్సుల మీద అక్షరాలు రాస్తూ నేర్చుకున్నదే, అంచేత ఒక్క అక్షరం అటూ ఇటూ అయినా నాకు నిద్రపట్టదు. ఎందుకు చెప్తున్నానో తర్వాత తెలుస్తుంది. ఇంకో మాట. మేస్త్రి గారు, ఆయన, వారు అనమని హెడ్ క్లర్కు గారు మెట్ల దగ్గర నా చెవిలో చెప్పారు. నావల్ల కాదండీ. వాడు వాడే.

యార్డు వెనక గోడవారన ఇంజనూ చక్రాలూ ఊడదీసేసిన బస్సొకటి ఇటుకల మీద కూర్చుని ఉంటుంది, మీరంతా చూసే ఉంటారు. ఆ బస్సులో చిట్టచివరి పొడుగు సీటు మాది. నేను ఈ గ్యారేజీలో చేరిన కొత్తలోనే ఆ సీటు పైన రేకు మీద 'విమర్శకులకు మాత్రమే' అని అచ్చు బస్సు అక్షరాలతో రాసిపెట్టాను, అందుకే ఎవరూ అటు రారు. వచ్చినా మా వాగుడికి తట్టుకోలేక డబ్బా మూసుకుని వెళ్ళిపోతారు. క్యారేజీ విప్పడం, సినిమా ఎత్తడం. అదే మా భోజనం.

ఆ బస్సులో రెండు మాటలు నిషేధం. ఒకటి 'బావుంది'. రెండోది 'బాలేదు'. ఎందుకంటే బావున్న సినిమా గురించి మాట్లాడ్డానికేం ఉంటుంది, బాలేని సినిమా గురించి మాట్లాడ్డం దేనికి? మాకు కావలసింది మధ్యలోవి. మంచి ఇంజనుండి ఎక్కడో గుద్దుకున్నవి. వాటికి మా మేస్త్రి పెట్టిన పేరు సొట్ట సినిమాలు. లోపల ఏమీ లేకపోయినా పైన తళతళలాడేవి ఇంకో రకం, వాటికి లప్పం సినిమాలని పేరు పెట్టింది నేను. దయచేసి గుర్తుంచుకోండి, నేను.

ఒక్క ఉదాహరణ చెప్తాను. అద్దె ఇంట్లో దెయ్యం సినిమా ఒకటొచ్చింది. అందులో దెయ్యమే కొత్తగా దిగినవాళ్ళని చూసి జడుసుకుని అలమరాల్లో దాక్కుంటూ ఉంటుంది. సగం దాకా ముచ్చటగా నడిచిందండీ. ఇంటర్వెల్ తర్వాత దెయ్యానికి కవల అన్నయ్య దిగాడు, పోలీసాఫీసరు, హెలికాప్టరులోంచి. హాల్లో జనం తిట్టుకుంటూ లేచిపోయారు. నేనూ మర్నాడు చెత్త అన్నాను. వాడు మజ్జిగ సీసా మూత బిగించి, "ఒరే, ఆ దెయ్యం తలుపు సందులోంచి పిల్లాడి హోంవర్కు చూసి తప్పు దిద్దే సీను తీసినవాడు చెత్త తియ్యలేడురా. పాపం వాణ్ణెవరో గుద్దారు. ఎక్కడ గుద్దారో చూద్దాం" అన్నాడు.

చూశాం. రోజుల తరబడి చూశాం. వాడు రేకు మీద సొట్ట ఎలా వెతుకుతాడో మీకు తెలుసుగా? కళ్ళు మూసుకుని అరచేత్తో నిమురుతూ పోతాడు, చెయ్యి ఆగిన చోట పెన్సిలు గీత పెడతాడు. కథని కూడా అట్లాగే నిమిరాడండీ. "హెలికాప్టరు దగ్గర కాదురా. అంతకు ముందే. దెయ్యం అద్దంలో దాని మొహం అది చూసుకుని నవ్వింది చూడు, అక్కడ దాని భయం పోయింది. భయం పోయాక దానికి కథే లేదు. ఆ ఖాళీలో అన్నయ్యని దింపారు." అంటూ ఆ నవ్వు తీసేశాడు. తీసేసరికి కథ లోపలినుంచి 'టప్' మని లేచింది. నేను విన్నాను ఆ చప్పుడు.

వాడెప్పుడూ అంతే, లోపలినుంచి కొడతాడు. బయటినుంచి కొట్టేవాణ్ణి నేను. అందుకే వాణ్ణి అందరూ గౌరవిస్తారు, నన్ను చూస్తే పక్కకి తప్పుకుంటారు. (నవ్వులు) నవ్వకండి, మీరే తప్పుకునేది.

సినిమాలొక్కటే కాదు. మొన్నామధ్య ఊరంతా ఫోన్లలో గెంతిన పాట ఉంది చూశారూ, ఒక మోకాలు పట్టేసిన కొంగలాగా ఎగరాలి, దాని మీదా మాకు పెద్ద రగడ జరిగింది. అది ఏడుపు పాట, దానికి గెంతులు పెట్టారు, అదే దాని సొట్ట, అదే దాని అందం అని వాడు. కాదు, వాడికి స్టెప్పు రాక అట్లా అంటున్నాడని నేను. తేల్చుకోవడానికి ఇద్దరం యార్డులోకి దిగి వేసి చూశాం. సూపరింటెండెంటు గారూ, ఆ పూట మీరు కిటికీలోంచి మమ్మల్ని చూసి, మెల్లిగా కిటికీ రెక్క మూసేశారు. ఆ మర్యాదకి ఇన్నాళ్ళకి ధన్యవాదాలు చెప్పుకునే అవకాశం దొరికింది. (నవ్వులు, చప్పట్లు)

ఇట్లా మా బతుకు మేం బతుకుతుంటే, ఇదిగో, ఈ అమ్మాయి దిగింది. సెలవులకి మేనమామ ఇంటికొచ్చిన పిల్ల ఊరికే ఉండకుండా, అన్నం తింటూ వాడు ఏదో సినిమాని నిమురుతుంటే ఫోన్లో తీసి లోకం మీదికి వదిలింది. 'సొట్ట మావయ్య' అని పేరు కూడా పెట్టింది. అమ్మాయ్, నీ మీద నాకేం కోపం లేదు. ఉంది, కానీ చెప్పను.

అంతే. వాడు లోకానికి మావయ్య అయిపోయాడు. బ్యాంకులో మావయ్య, మందుల షాపులో మావయ్య. నేను క్షవరానికి వెళ్తే ఆ మంగలాయన నా చెవి వంచి పట్టుకుని, "మీరు సొట్ట మావయ్య గారి పక్కన కూర్చునే ఆయనే కదండీ?" అన్నాడు. పక్కన కూర్చునే ఆయన! అంటే నా పేరు పోయి, నా కులాసా పోయి, నేనొక కుర్చీనైపోయాను. ఇంట్లో మా ఆవిడ ఫోను చెవికి ఆనించుకుని, "ఎంత బాగా చెప్తారండీ అన్నయ్య గారు, మెరిసేదంతా లప్పమేనట!" అని మురిసిపోయింది. "ఒసే, ఆ మాట నాది. ఇదే గదిలో, ఇదే మంచం మీద కూర్చుని నీకెన్నిసార్లు చెప్పాను?" అన్నాను. "మీరు చెప్తే ఇట్లా లేదు" అంది. ఇది అసూయ కాదని ఇంకెవరైనా అయితే అబద్ధమాడతారు. ఇది నూటికి నూరుపాళ్ళూ అసూయే.

అక్కడితో ఆగిందా? ఎవరో కొత్త డైరెక్టరు విడుదలకి ముందే సినిమా చూసి సొట్ట చెప్పమని వాణ్ణి పిలిపించుకున్నాడు. ఒక్కణ్ణే. మర్నాడు బస్సులో నేను క్యారేజీ విప్పకుండా కూర్చున్నాను.

"ఎలా ఉందిరా?" అన్నాను.

వాడు అటు చూసి, ఇటు చూసి, "బావుందిరా" అన్నాడు.

బావుంది! ఆ బస్సులో! నిషేధమైన మాట!

"కథేంటి?"

"చెప్పకూడదురా. ఒట్టేయించుకున్నారు. బతికున్న మనిషికి చెప్పనని మాటిచ్చాను."

సైరన్ మోగేదాకా వాడు నమిలాడు. నేను చూశాను. అట్లాంటి భోజనం పగవాడికి కూడా వద్దు.

ఆ వారమే అసలు పిడుగు పడింది. వీడియోలో వాడు నా మాటే చెప్తూ, కనీసం ఈసారి నా ప్రస్తావన తెచ్చాడు. ఎలా? "మా స్నేహితుడొకడు అనేవాడు." అనేవాడు! మా ఆవిడ విని నా వంక ఎగాదిగా చూసి, "మీరెప్పుడు పోయారండీ?" అంది. (నవ్వులు) మీకు నవ్వొస్తుంది. అన్నాడు అంటే సరే, అంటాడు అంటే ఇంకా సరే. అనేవాడు అంటే ఎవర్నండీ అంటాం? గోడ మీద ఫొటో ఎక్కినవాణ్ణే కదా? ఆ 'ఒకడు' అయినా మింగాను, ఈ 'అనేవాడు' గొంతులో అడ్డంపడింది. టైర్ల షెడ్డాయన అయితే నిజంగానే మా ఇంటికి ఫోన్ చేసి గొంతు తగ్గించి మాట్లాడాడు.

సరే, పోయినవాడికి జరగాల్సిన మర్యాద జరగాలి కదా అని నేనేం చేశానంటే, నా ఫొటో ఒకటి పెద్దది చేయించి చివరి సీట్లో నేను కూర్చునే చోట అతికించి, దాని కింద తెల్ల రంగుతో చక్కగా 'అనేవాడు' అని రాసి, వెళ్ళి ముందు డ్రైవరు సీట్లో వంగి దాక్కున్నాను. వాడొస్తాడు, చూస్తాడు, గుండె బాదుకుంటూ నన్ను వెతుక్కుంటాడు, అప్పుడు నిలదీద్దామని.

వాడొచ్చాడు. చూశాడు. గుండె బాదుకోలేదు. ఫొటో పక్కన కూర్చుని క్యారేజీ విప్పి, ఓ ముద్ద తిని, ఫొటో వంక తిరిగి, "పోయావు కాబట్టి ఇంక నీకు చెప్పొచ్చులేరా" అన్నాడు.

(మంచినీళ్ళు తాగి) క్షమించండి. పెయింటు వాసన పడదు నాకు.

చెప్పాడండీ. ఆ సినిమా కథంతా పేర్ల దగ్గరనుంచి ఆ కాగితపు బొమ్మకి చెప్పాడు. లైట్‌హౌస్‌లో పనిచేసే తండ్రి, ఆయనకి చూపు తగ్గుతోందని తెలిసి దాచే కూతురు, నడుమ బలవంతాన దూరిన ప్రేమ పాట. మధ్యమధ్యలో ఆగుతున్నాడు, నేను అడ్డు తగిలే చోట్ల. ఆ చోటిచ్చి, ఇంకో ముద్ద తిని, మళ్ళీ మొదలెడుతున్నాడు. "ఇక్కడ నువ్వుంటే లప్పం అంటావు. కాదురా, సొట్టే" అన్నాడు. ఇంక నావల్ల కాలేదు. డ్రైవరు సీట్లోంచి లేచి, "సొట్టేంట్రా, నికార్సైన లప్పం!" అని అరిచాను. వాడు తల కూడా తిప్పకుండా, "చచ్చినవాడివి మాట్లాడకు" అన్నాడు. (నవ్వులు, చాలాసేపు)

ఇంకో సంగతి కూడా చెప్పేస్తాను, మళ్ళీ ఈ మైకు నాకెవరూ ఇవ్వరు. ఏ బస్సైనా గ్యారేజీ దాటి బయటికెళ్తే జనం "రంగు భలే ఉంది" అంటారు. వాడు రోజంతా రేకు కింద పడుకుని భుజాలు పడిపోయేలా సుత్తి కొట్టి చదును చేస్తే, చివరికి నేనొచ్చి పూసి పేరు కొట్టేస్తాను. సొట్ట తీసినవాడి పని బాగా కుదిరితే ఎవరికీ కనపడదు. ఇన్నాళ్ళూ నా రంగుని పొగిడినప్పుడల్లా వాడు నా వెనక నిలబడి చేతులు తుడుచుకుంటూ నవ్వాడే తప్ప, ఒక్క పుల్లవిరుపు మాట అనలేదు. నేనేమో వాడికి నాలుగు వీడియోలు రాగానే ఉడికిపోయాను. అదేం గుణమో వాడికి, నాకెందుకు రాలేదో. దాని మీద కూడా నాకు అసూయే.

ఇప్పుడు అసలు విషయం. రేపటినుంచి ఆ బస్సులో నా పక్క సీటు ఖాళీ. ఈ అమ్మాయి వాళ్ళింట్లో మావయ్య కోసం ఒక గది సిద్ధం చేసిందట, లైట్లు పెట్టిందట, ఎదురెదురుగా రెండు కుర్చీలు వేసిందట. ఆ రెండో కుర్చీలో ఎవరో చెవిపోగు కుర్రాడు కూర్చుంటాడట, విశ్లేషకుడట. కూర్చోనీ. కూర్చుని ఆ కుర్రాడేం అంటాడు? "బావుంది" అంటాడు. మా వాడితో పోట్లాడ్డం ఆ కుర్రాడికి చేతనవుతుందా? వాడు ఆగిన చోట అడ్డుతగలాలని తెలుసా? నా భయమల్లా ఒక్కటే. నేను సరదాకి రాసిన ఆ తెల్లక్షరాలు ఇంక నిజంగానే నాకు అంటుకుపోతాయేమోనని.

అందుకని ఇంతమంది ముందు అడుగుతున్నాను. ఒరే మేస్త్రీ, శాలువాలు తర్వాత కప్పించుకోవచ్చు. ఆ ఒక్క మాట సరిదిద్దు. 'మా పెయింటరు' అను, తర్వాత ఏమంటావో నీ ఇష్టం. మైకు అక్కర్లేదు, నీ గొంతు నాకు వినపడుతుంది.

(వేదిక మీదనుంచి మేస్త్రి: "మా పెయింటరు అంటాడు. అంటూనే ఉంటాడు. నోరు మూయడు. ఆ రెండో కుర్చీ నీకేరా వెధవా, సాయంత్రాలు రమ్మని చెప్దామంటే మొహం ముడుచుకు తిరుగుతున్నావు!" నవ్వులు, చప్పట్లు)

విన్నారా? అమ్మాయ్, రికార్డయిందా? అయింది కదా? ఎడిటింగులో అది కోశావంటే నేను ఊరుకోను. ఆ చెవిపోగు కుర్రాడికి నిలబడ్డానికి చోటుందో లేదో ముందే కనుక్కో.

ఇంక నాకు మాటలు లేవు. నోరు మూయడని వాడన్నది అబద్ధమని తేలిపోయింది. చెల్లెమ్మా, వాణ్ణి ఇంట్లో పెట్టుకోబోతున్నందుకు నా సానుభూతి. ఇంత కుళ్ళు ఓపిగ్గా విన్న మీ అందరికీ, ఒక్కసారైనా చప్పట్లు కొట్టిన డ్రైవర్లకీ ధన్యవాదాలు. చివర్లో సెలవు చెప్పాలంటారు. నేను చెప్పను, అడుగుతాను. సూపరింటెండెంటు గారూ, ఆ లైట్‌హౌస్ సినిమా శుక్రవారం విడుదల, మొదటి ఆటకి మేమిద్దరం వెళ్ళాలి, సొట్టా లప్పమా తేల్చుకోవాలి. వాడికి మీరు ఎలాగూ ఇచ్చేశారు. నాకూ ఆ ఒక్క రోజుకి దయచేసి... సెలవు.