ఎండుటాకుల కింద

సెప్టెంబరు ఆదివారం; ఆ దేశంలో చలికాలం అప్పుడే వెళ్ళి వసంతం మొదలైంది. వెనక వీధి అమ్మాయి రోటోటూనాలో ఒంటరిగా ఉంటున్న పెద్దాయన పెరట్లోకి వస్తుంటే, పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్న సంగతి ఆయన మొహంలో కనపడనివ్వలేదు.

“కార్న్‌ఫ్లవర్ పూలమొక్కకి మొలకలొచ్చాయా అంకుల్?”

“ఎక్కడమ్మా. చలికాలంలో మొత్తం ఎండిపోయింది. ఇక పోయినట్టే.”

“పోదంకుల్. ఇది ఏటేటా మళ్ళీ మొలిచే రకం, పైన ఎండినా లోపల వేరు బతికే ఉంటుంది. నాటిన మొదటి ఏడు ఆంటీ కూడా ఇలాగే బెంగపడ్డారు. మొలిచాక నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.”

“ఆవిడ ఉంటే కనిపెట్టేది. నాకేం తెలుసు? అందుకే వారం వారం నిన్ను రప్పిస్తున్నా.”

“మొలక కనిపించేదాకా వస్తానన్నాను కదా. ఈ ఎండుటాకులు ఎవరు కప్పారు?”

“గాలికి వచ్చి పడ్డాయేమో.”

“ఇక్కడ చుట్టుపక్కల చెట్టే లేదంకుల్.”

ఆయన కంచె వైపు తల తిప్పుకున్నాడు. ఆమె వంగి ఆకులు పక్కకు జరిపింది. బెత్తెడు ఎత్తున మొలకలు, ఒత్తుగా లేచి ఉన్నాయి.

“టీ తాగి వెళ్తావా అమ్మా, ఈ ఒక్కసారికి?”

 ఆమె ఆకుల్ని మొలకల మీద మళ్ళీ పల్చగా కప్పింది.

“తాగుతానంకుల్. మొలకలు ఇంకా రాలేదు. వచ్చే ఆదివారం చూద్దాం.”