ఎనిమిదో బండి

నరసరావుపేటలో పాత సామాను కొని అమ్మే యాకూబ్, ఆ రోజు ఈపూరు అవతలి ఓ పల్లె హైస్కూలుకి వచ్చేటప్పటికి అతని చేతిలో ఉన్నవి రెండు: గేటు దగ్గర ఆటోలో పిల్లలు నడిపి నేర్చుకునే చిన్న రోబో బండ్లు పది, పోయినేడు ఇదే బడికి ఇచ్చిన ఎనిమిది మీద నమ్మకం. హెడ్మాస్టరు గోపాలకృష్ణ గదిలో ఆ రెండోది ఎంతోసేపు నిలవలేదు.

"బీరువాలో పెట్టారా? ఎనిమిదీనా?"

"అరవమాక యాకూబ్. పక్కన క్లాసు జరుగుతోంది."

"ఏ క్లాసు సార్? రోబో క్లాసు కాదుగా! గుంటూరులో ఒక కాలేజీవాళ్ళు కొత్తవి కొనుక్కుని వీటిని తూకానికేస్తామంటే, కాళ్ళావేళ్ళా పడి ఇక్కడికి తెచ్చా. పిల్లల కోసం తెచ్చా."

"నేను కాదన్లేదే. శాలువా కూడా కప్పాం నీకు."

"శాలువా నేనేం చేసుకోను? నేల మీద నడవాల్సిన బండి యాడ?"

"భద్రంగా ఉన్నయ్. దసరాకి తీసి, తుడిచి, బొట్లు పెట్టి మళ్ళీ లోపల పెట్టాం."

"బొట్లు! పిల్లలు చూశారా మరి?"

"దూరం నించి చూశారు."

"దూరం నించి చూసేదానికైతే ఫొటో ఇచ్చి పోయేవాణ్ణిగా సార్!"

"నీకేం, ఎన్నయినా మాట్లాడతావ్. స్టాక్ రిజిస్టర్లో ఎక్కిన సామాను విరిగితే ఎవడు కట్టాలి? నేను. మాచర్ల వైపు పనిచేసేప్పుడు కంప్యూటరు మౌసులు పోయినయ్యని నా జీతంలో కోశారు. నెలాఖరుకి రిటైరవుతున్నా. ఒక్క చక్రం తగ్గినా పెన్షన్ కాగితం ఆగిపోద్ది. అప్పుడు నువ్వొచ్చి బువ్వ పెడతావా?"

"పెడతా. ముందు బీరువా తియ్యండి."

"తియ్యను."

"గేటు కాడ ఇంకో పది ఉన్నయ్. పోయినేడు ఇచ్చినవి పిల్లలు ఆడిస్తన్నట్టు వీడియో పంపమన్నారు కాలేజీవాళ్ళు. లేకపోతే ఈ పదీ నడికుడి బడికి పోతయ్. అక్కడి పంతులమ్మ రోజూ ఫోన్ చేస్తంది. తిప్పమంటారా ఆటో?"

"బెదిరిస్తున్నావా?"

"బేరం చెప్తున్నా."

"...ఇదిగో, తీశా. చూడు. ముట్టుకోమాక."

"ముట్టుకోకుండా ఏం చూసేది? ఏంది సార్ ఇది? బ్యాటరీ పూరీలాగా ఉబ్బింది. ఇది కూడా. ఇదీనూ. సార్, ఇయ్యన్నీ చచ్చినయ్!"

"చావడమేంది? ఎవరూ ముట్టుకోలేదే!"

"అందుకే చచ్చినయ్. ఛార్జింగ్ పెట్టకుండా ఏడాది మూలన పడేస్తే ఉబ్బవా? పిల్లలు ఆడిస్తే చక్రం విరిగేది. చక్రం నేను తెచ్చి వేసేవాణ్ణి. ఇప్పుడేం వెయ్యను? ఐదు, ఆరు, ఏడు... మార్చురీ చేశారు గదా బీరువాని!"

"నోరు అదుపులో పెట్టుకో. నేను హెడ్మాస్టర్ని ఇక్కడ."

"ఆగండి. ఇదేంది, ఎనిమిదోది ఉబ్బలా? నొక్కితే లైటు కూడా వెలుగుతోంది."

"ఏదో... ఒకటి గట్టిది అయ్యుంటది."

"ఛార్జింగ్ నిండా ఉంది సార్."

"మంచి కంపెనీ."

"ఎనిమిదీ ఒకటే కంపెనీ. తాళంచెవి ఎవరెవరి దగ్గరుంది?"

"నా దగ్గరే. ఆ ఆరాలన్నీ నీకెందుకు? అక్కడ పెట్టెయ్. ఏయ్, అట్టా ఎత్తమాక! ఎడమ చక్రం వదులు, ఊడిపోద్ది!"

"ఎవరూ ముట్టుకోలేదన్నారే."

"ముందది నా చేతికియ్యి."

"ఎడమ చక్రం వదులని మీకెట్టా తెలుసు సార్?"

"తలుపు దగ్గరికెయ్యి."

"వేశా. చెప్పండి."

"బండ్లు దించిన రోజే మన బడిలో చదివే రఫీక్ కూతురు ముస్కాన్ అడిగింది, ఎట్టా నడుస్తయ్ సార్ అని. ఇన్నేళ్ళు లెక్కలు చెప్పా, నాకు తెలీదని ఏ పిల్లకీ చెప్పలా. రేపు చెప్తాలే అన్నా. బడి వదిలాక నేర్చుకుందామని ఒకటి తీశా. నాకొచ్చాక అందరికీ ఇద్దామని..."

"ఏడాదా సార్?"

"ముందుకి పోద్ది, యాకూబ్. చక్కగా పోద్ది. మలుపు తిప్పడమే ఇంకా రాలా."

"మరి ఆ పెన్షన్ కాగితం, ఆ మౌసులు, ఆ కోతలు?"

"అదీ నిజమే."

"ఏది ఎక్కువ నిజం?"

"చంపమాక నన్ను. ఆ పది దించి పో. బీరువాలోకి ఎక్కించను."

"దించుతా. వరండాలో, పిల్లల చేతికే. మీ రిజిస్టర్లో రాయమాకండి, విరిగితే నేను చూసుకుంటా. ఈ ఎనిమిదోది ముస్కాన్‌కి ఇచ్చి వీడియో తీస్తా. ఇంక నా లెక్కంటారా, ఎనిమిది బండ్లు పెట్టుబడి పెట్టా సార్. ఏడు పోయినయ్. ఏడాదికి తయారైంది ఒక్క స్టూడెంటు. వాడూ నెలాఖరుకి రిటైరు."