నలభై వేల తట్టల మన్ను

మూడో విడత టీలు వచ్చినా కొండబాబాయ్ అసలు మాట ఎత్తలేదు.

అడగాల్సింది ఒక్క ముక్క. రేపట్నించి మూడు రోజులు వచ్చి సాయం పట్టండి, అని. మొన్నటి వానకి రాతి కొండమీద మెట్లు మెట్లుగా ఉన్న ఆయన ద్రాక్షతోటలో పై మూడు మెట్ల మన్నూ కొట్టుకొచ్చి అడుగున గట్టు దగ్గర పడింది. రాళ్ళ మధ్య ద్రాక్ష వేర్లు ఎముకల్లా బయటపడ్డాయి. ఆ మన్ను తట్టలకెత్తి మళ్ళీ పైకి చేర్చకపోతే, ఎండకి వేర్లు మాడి సగం తోట పోతుంది. ఏటా మోసేది ఆయనా, కూతురూ. ఈసారి ఆయనకి మోకాలు వాచింది, ఆమెకి నడుం పట్టేసింది. అందుకే రాతిపని మేస్త్రీనీ, అతని ఇద్దరు తమ్ముళ్ళనీ టీ కొట్టుకి పిలిపించారు.

"మొక్కలు నాటిన ఏడు," అంటున్నాడు కొండబాబాయ్, "అంతా రాయే. గునపం వేస్తే నిప్పులు. అయినా పొద్దుగూకేలోపు ముప్పై గుంతలు తీశా."

"ముప్పై తియ్యొచ్చులే," అన్నాడు మేస్త్రీ.

అక్కడ ఆగితే సరిపోయేది. కానీ తల ఊపే మనిషి దొరికాక ఆగడం ఆయనకి ఏ జన్మలోనూ చేతకాదని కూతురికి తెలుసు.

"ముప్పై అంటే భోజనానికి ముందు. తర్వాతవి లెక్కెట్టలేదు. మరి ఆ తీగలు ఊరుకుంటాయా, నీళ్ళ కోసం వేర్లు రాతిని తొలుచుకుంటూ పోయి పోయి ఎక్కడ తేలాయో చెప్పుకోండి. కొండకి అవతల. అక్కడొకావిడ వంటింట్లో గిన్నెలు కడుగుతుంటే తూములోంచి వేరొచ్చి, ఇన్ని నీళ్ళు తాగి పోయేదట."

"తాగిన గ్లాసు కడిగి పెట్టేదా?" అంది టీ కొట్టావిడ.

"ఎగతాళి చెయ్యకమ్మా. ఆ పళ్ళ తీపికి తేనెటీగలకి షుగరొచ్చి, డాక్టరు తేనె మానెయ్యమన్నాడు. మన పళ్ళు కొనే వైన్ కంపెనీ నుంచి తీపి కొలిచే ఆయనొచ్చి ఒక్క చుక్క గాజుమీద వేశాడో లేదో, గాజు చిట్లింది. ఆ వాసనకే మనిషి మూడ్రోజులు మా వరండాలో గురక."

తమ్ముళ్ళిద్దరూ నవ్వారు. కూతురికి నవ్వే ఓపిక లేదు. తనని అడగమంటే నాలుగు మాటల్లో అడిగి లేచేది. కానీ దారిలోనే ఆయన "నేను మాట్లాడతా, నువ్వు ఊరుకో" అన్నాడు. బెంచీ కింద ఆయన కాలు తొక్కింది. వాచింది కాదు, రెండోది.

"ఆఁ, మన్ను," అన్నాడాయన ఉలిక్కిపడి. "ఆ సంగతికే వస్తున్నా."

ఆమె నిటారుగా కూర్చుంది.

"ఓసారి వానకి మన్నంతా కిందికొచ్చేసింది. ఇప్పట్లా మూడు మెట్లు కాదు, మొత్తం కొండ. పొద్దున్నే తట్ట అందుకున్నా. ఒక్కణ్ణే. నలభై వేల తట్టలు. సూర్యుడు నడినెత్తికొచ్చి, వీడి పని అయ్యేదాకా చూసి పోదామని అక్కడే నిలబడిపోయాడు. మూడుసార్లు భోంచేశా, అప్పటికీ మధ్యాహ్నమే. ఆ తర్వాత ఏమైందో తెలుసా? చేతి ఊపులో ఎక్కువ మోసేశా. కొండ మూరెడు పెరిగింది. కొలతల ఆఫీసువాళ్ళొచ్చి మ్యాపు దిద్దుకుపోయారు."

మేస్త్రీ ఖాళీ గ్లాసు బెంచీమీద బోర్లించాడు.

"బాబాయ్, నలభై వేల తట్టలు ఒక్క పూటలో మోసినవాడివి. మరి పొద్దున్నించీ మా ముగ్గురికీ టీలెందుకు పోయిస్తున్నావ్?"

టీ కొట్టావిడ పొయ్యి తగ్గించింది. ఆయన నోరు తెరిచాడు. ఇంకో కోత వస్తుందనుకుని కూతురు కళ్ళు మూసుకుంది.

"నావల్ల కావట్లేదురా," అన్నాడు. "ఇన్నేళ్ళూ సగానికి పైగా మోసింది ఈ పిల్లే. దానికీ నడుం పోయింది. రోజుకి ఇరవై తట్టలు కూడా ఎక్కట్లేదు."

కూతురు కళ్ళు తెరిచి బెంచీమీది టీ మరకలకేసి చూస్తూ కూర్చుంది. ఇన్ని కథల్లో ఆమె ఊసు రావడం ఇదే మొదలు.

"ఆరింటికి వస్తాం," అన్నాడు మేస్త్రీ లేస్తూ. "తట్టలు మేమే తెచ్చుకుంటాం. నువ్వు మాత్రం కథలు తేకు."

కొండబాబాయ్ కూతురి భుజం పట్టుకుని, వాచిన కాలు ఈడ్చుకుంటూ నిలబడ్డాడు.

"అవి లేకపోతే నేను కొండెక్కలేనురా," అన్నాడు.