బండి మట్టంగానే ఉంది, భూమే వంకర

"టీ ఒక్కటే ఇవ్వక్కా, రెండు కాదు. మా ఆవిడకి అక్కర్లేదు. ఆవిడ బండిలో తెర వేసుకుని పడుకుంది. నాతో మాట్లాడదు, నేనూ మాట్లాడను. ముందు ఎవరు నోరు తెరిస్తే వాళ్ళు ఓడిపోయినట్టు. నాలుగు గంటలైంది. నేనా ఓడిపోయేది?"

రోడ్డు పక్క టీ కొట్టులో బెంచీ మీద దబ్బున కూర్చున్నాడు వడ్రంగి మేస్త్రి. ఎదురుగా ఆయన ఇల్లుబండి ఎండలో నిలబడి ఉంది. పాత వ్యాను కొని, లోపల మంచం, పొయ్యి, అల్మారా అన్నీ తన చేత్తోనే బిగించుకున్నాడు. బెంచీకి ఆ చివర లారీ డ్రైవరు, ఈ చివర బస్సు కోసం చూస్తున్న కళ్ళద్దాల మాస్టారు. టీ కొట్టు ఆవిడ ఒకసారి లోపలి గది వైపు చూసి, ఒక్క టీయే పోసింది.

"గొడవ దేనికండీ?" అన్నాడు మాస్టారు.

"దేనికా? వినండి, విని మీరే చెప్పండి న్యాయం. ఇలాంటి బండి ఎక్కడ ఆపినా ముందు మట్టం చూసుకోవాలి. ఏ చక్రం పల్లంలో ఉంటే దాని కింద చెక్క పెట్టి ఎక్కించాలి. లేకపోతే సింకులో నీళ్ళు పోవు, తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, పడుకుంటే కాళ్ళు పైకి, తల కిందకి. ఆ చెక్కలు కూడా నేనే కోశాను. నిన్న సాయంత్రం ఆపాను, నా కంటితో నేనే చూశాను, మట్టంగా ఉంది. పొద్దున్నే లేచి ఆవిడ ఏమందో తెలుసా? 'తల దిమ్ముగా ఉందండీ, బండి వంకరగా పెట్టారు' అంది. వంకరా! నా బండా! ముప్పై ఏళ్ళు తలుపులు బిగించాను, కిటికీలు బిగించాను, ఒక్క మనిషి, ఒక్కడంటే ఒక్కడు వంకర అన్నాడా? చెప్పాను ఆవిడకి, బండి మట్టంగానే ఉంది, భూమే వంకర అని."

లారీ డ్రైవరుకి టీ పొలమారింది.

"నవ్వకు తమ్ముడూ, నాకిక్కడ ఒళ్ళు మండిపోతోంది. ఆవిడ గ్లాసునిండా నీళ్ళు పోసి నేల మీద పెట్టింది. ఒక పక్క నుంచి ఒలికాయి. గ్లాసు వంకర అన్నాను. అంతే! 'బండి వంకరని మీ నోటితో మీరు చెప్పేదాకా నేను మాట్లాడను' అని తెర లాగేసుకుంది."

"రసమట్టం పెట్టి చూస్తే తేలిపోయేది కదండీ?"

"రసమట్టం కన్ను లేనివాడికి మాస్టారూ! అసలు ఆ బండిలో సుఖం ఏదైనా ఉందంటే ఒక్కటే. మంచం మీద నుంచి చెయ్యి చాపితే పొయ్యి మీద టీ అందుతుంది, కిటికీ తీస్తే రోజుకో కొత్త చోటు. మిగతాదంతా నరకం. లేచి నిలబడితే అల్మారా తలుపు నెత్తి మీద కొడుతుంది. అది మూస్తే సొరుగు వచ్చి మోకాలి మీద కొడుతుంది. ఒకళ్ళు కదిలితే రెండోవాళ్ళు పొట్ట లోపలికి పీల్చుకోవాలి. కొళాయి తిప్పితే దారప్పోగంత నీళ్ళు. అలాంటి చోట కోపం వచ్చిన మనిషి ఎక్కడికి పోవాలి? ఇంట్లో అయితే వీధిగదిలోకి పోయి కూర్చుంటాం. ఇక్కడ ఉన్నదల్లా ఆ తెర ఒక్కటి. దాన్ని కూడా ఆవిడే కాజేసింది!"

"మరి మీరు?"

"నేను స్టీరింగు ముందు. ఇంకెక్కడికి పోతాను? పొద్దున ఇక్కడే, నీ కొళాయి దగ్గరే ట్యాంకు నింపాను కదక్కా. పైపు జారి చొక్కా అంతా తడిసింది. వచ్చి పట్టుకుందా? లేదు! ట్యాంకు మూసి, వెనక తలుపు ధడేల్మని వేసి బయల్దేరాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి లేచింది. మామూలు గాలా? వెనక్కి తిరిగి తెర వైపు అరిచాను, 'చూశావా, ఇంత గాలికి కూడా ఒరగలేదు!' అని. ఉలకదు, పలకదు."

"అయితే ముందు మీరే మాట్లాడినట్టు కదండీ?" అన్నాడు మాస్టారు.

"తిట్టడం మాట్లాడడం కిందకి రాదు! నన్ను చెప్పనివ్వండి. ఆ గాలి బండిని లేపేసింది. నాలుగు చక్రాలూ రోడ్డు వదిలేశాయి. తాటిచెట్టంత ఎత్తున మైలు దూరం ఎగిరాం. కింద గొర్రెలు తలలెత్తి చూస్తున్నాయి. అక్కడ కూడా మట్టమే! పొయ్యి మీద పాలు చుక్క ఒలకలేదు. దించడం కూడా ఎలా దించిందంటే, పసిపిల్లని పక్కలో పడుకోబెట్టినట్టు. ఆవిడ 'అమ్మో' అందా? అనలేదు. ఎంత పొగరు!"

"నిద్రపోతోందేమో," అన్నాడు లారీ డ్రైవరు.

"ఆకాశంలో నిద్రేంటయ్యా! సరే, తర్వాత కొండ. సగం ఎక్కాక ముందు గేర్లన్నీ పోయాయి, రివర్సు ఒక్కటే మిగిలింది. ఇంకొకడైతే కూర్చుని ఏడ్చేవాడు. నేను బండి తిప్పి, వెనక్కి వెనక్కి నడుపుతూ పద్దెనిమిది మలుపులు ఎక్కించాను. మామూలుగా రివర్సంటే ఆవిడ కిందకి దిగి, 'రండి, రండి, ఆగండి' అని చెయ్యి ఊపాలి. ఆ చెయ్యి నాకక్కర్లేదని ఇవాళ తేలిపోయింది. మధ్యలో ఎవడో, తెలియని నంబరు, ఏడుసార్లు ఫోను. కొండెక్కిస్తున్నవాడు ఫోను ఎత్తుతాడా? ఆవిడ ఫోనేమో నా సీటు పక్కనే పడేసి ఉంది. దానితో కూడా మాట్లాడదట!"

టీ కొట్టు ఆవిడ స్టవ్వు మంట తగ్గించింది. లోపలి గదిలో కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

"కొండ దిగితే నది."

"ఆ వంతెన మధ్యలో కూలిపోయింది కదా మేస్త్రీ. మూసేసి రెండు రోజులైంది. అందుకే నేనిక్కడ పడి ఉన్నాను," అన్నాడు లారీ డ్రైవరు.

"కూలింది కాబట్టే దూకించాను! కూలకపోతే దూకించాల్సిన అవసరమేముంది? నా చెక్కలు రెండు వాలుగా పెట్టి, అరమైలు వెనక నుంచి వచ్చి, ఎగిరించాను. నీ లారీలు పది వరసగా పట్టేంత వెడల్పు. గాలిలో ఉండగానే టీ కాచాను, తాగాను, గ్లాసు కడిగి బోర్లించాను. అప్పుడు దిగింది బండి."

"మరి అటు దూకినవాళ్ళు ఇటెలా వచ్చారండీ?" మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మళ్ళీ దూకించాను! ఎందుకో తెలుసా? మొదటిసారి ఆవిడ కేక వెయ్యలేదు. రెండోసారైనా వేస్తుందేమోనని ఇటు దూకించాను. వెయ్యలేదు. మళ్ళీ అటు, మళ్ళీ ఇటు, మొత్తం నాలుగుసార్లు! నది మీద నాలుగుసార్లు!" మేస్త్రి గ్లాసు బెంచీ మీద కొట్టాడు. "మొగుడు నది దూకుతుంటే ఒక్కసారి కెవ్వుమనదా? ఆ మాత్రం నేనేమీ కానా? నలభై ఏళ్ళలో ఇంతసేపు ఎప్పుడూ మాట్లాడకుండా లేదయ్యా. ఎప్పుడూ లేదు. నువ్వు చెప్పక్కా, ఎందుకు వెయ్యలేదు ఒక్క కేక?"

"వదిన బండిలో ఉంటే కదా అన్నయ్యగారూ, కేక వెయ్యడానికి," అంది టీ కొట్టు ఆవిడ.

మేస్త్రి తల తిప్పి బండి వైపు చూశాడు.

"పొద్దున మీరు పైపుతో కుస్తీ పడుతుంటే, పట్టుకుందామని అటు తలుపులోంచి దిగింది. బండి చుట్టూ తిరిగి వచ్చేసరికి మీరు తలుపేసి వెళ్ళిపోయారు. దుమ్ములో నిలబడి చూస్తూ ఉండిపోయింది పాపం. నా ఫోను నుంచి ఏడుసార్లు చేసింది. అప్పటి నుంచీ నా ఉల్లిపాయలన్నీ ఆవిడే తరుగుతోంది. అయిపోతే మళ్ళీ అడుగుతోంది. ఏడవడానికి ఏదో ఒక సాకు కావాలి కదా."

మేస్త్రి పరిగెత్తాడు. వెనక తలుపు తీసి, తెర ఒక్క గుంజు గుంజాడు. మంచం మీద దుప్పటి నాలుగు మడతలు పెట్టి ఉంది. ఇటు తిరిగేసరికి టీ కొట్టు గుమ్మంలో భార్య నిలబడి ఉంది, కళ్ళు ఎర్రగా.

"ఎప్పుడు దిగావే?" అన్నాడు.

"ముందు ఎవరు మాట్లాడారో అందరూ విన్నారుగా," అంది ఆవిడ. ఎవరూ నవ్వలేదు, ఆవిడ కూడా. "నాలుగు గంటలు తిట్టారు. అందులో ఒక్కసారి ఆ తెర పక్కకి లాగి చూడాలనిపించలేదా మీకు?"

మేస్త్రి చేతిలోని తెర కొసని మెలిపెడుతున్నాడు.

"అనిపించింది. నువ్వు ఏడుస్తూ ఉంటావేమోనని భయమేసింది. నువ్వేడిస్తే నేను ఒప్పేసుకుంటాను కదే, వంకరని."

"వంకరా, కాదా?"

ఆయన లారీ డ్రైవరు వైపు చూశాడు, మాస్టారి వైపు చూశాడు. ముప్పై ఏళ్ళ తలుపులూ కిటికీలూ గుర్తొచ్చి ఉంటాయి.

"వంకరే. ఎడమ పక్క వెనక చక్రం కింద ఒక చెక్క తక్కువైంది. నిన్ననే తెలుసు నాకు. మళ్ళీ దిగి పెట్టడానికి బద్ధకించాను."

ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఎక్కుతాను. కానీ వెనక కాదు, ముందు సీట్లో."

మేస్త్రి తెరని ఊడదీసి, చుట్ట చుట్టి, టీ కొట్టు ఆవిడ చేతిలో పెట్టాడు. "గ్లాసులు తుడుచుకో అక్కా. మాకింక పనిలేదు." ఆవిడ పోసిన రెండో టీ పట్టుకుని వెళ్ళి, ముందు సీట్లో ఉన్న భార్యకి కిటికీలోంచి అందించాడు.

బండి కదులుతుంటే లారీ డ్రైవరు లేచి గట్టిగా అరిచాడు. "మేస్త్రీ, మళ్ళీ వంతెన వైపేనా? ఇంకోసారి దూకిస్తారా?"

పక్క సీటు కిటికీలోంచి ఆవిడ తల బయటపెట్టింది.

"నేనిక్కడ కూర్చున్నాక ఈ బండి ఇంక దూకదులే నాయనా. చుట్టూ తిరిగి వెళ్తాం."