మోహనకృష్ణ మాస్టారి పదకొండు తట్టలు

ముందుగా అరసవల్లి సూర్యనారాయణమూర్తికి ఓ దణ్ణం. ఆయన కన్నెర్ర చేస్తేనే కదా మా నౌపడలో ఉప్పు పండేది! ఇది ఉప్పు మళ్ల దగ్గర జరిగిన కథ, ఆయన పేరు చెప్పుకోకుండా ఎలా మొదలెట్టను?

నౌపడ స్టేషన్ గేటు పక్కన ఎల్లాజీ టీ బడ్డీ ఉంది. సాయంత్రం ఐదింటికి హైస్కూలు ఇంగ్లీషు మాస్టారు మోహనకృష్ణ గారు ఆ బల్ల మీద చేరారంటే, టీ చల్లారిపోయినా జనం లేవరు. ఆ రోజు మాత్రం మాస్టారి చూపంతా బల్ల చివర కూర్చున్న నారాయణమ్మ మీదే ఉంది. ఆవిడ రెండు ఉప్పు మళ్లు కౌలుకి చేసుకుంటుంది. కూతురు దుర్గాభవాని మాస్టారి దగ్గరే తొమ్మిదో తరగతి. మర్నాడు శ్రీకాకుళంలో కథలు చెప్పే పోటీ, మాస్టారు భవాని పేరు ఇచ్చేశారు. ఇంతలో వాన కబురొచ్చింది. వానొచ్చేలోగా ఉప్పంతా కుప్ప పోసి తాటాకులు కప్పెయ్యాలి. ఇంట్లో ఉన్నవి తల్లీకూతుళ్ల నాలుగు చేతులే. “పిల్ల రాదు మాస్టారూ” అని నారాయణమ్మ పొద్దున్నే చెప్పేసింది. ఆ మాట ఎలాగైనా మార్చాలని ఆయన పట్టుదల.

“పెద్ద గొప్పేం కాదులే ఎల్లాజీ,” అని అందుకున్నారు మాస్టారు. “పాఠంలో గ్రీకు దేశం కథ ఒకటి వచ్చింది. పంటతల్లి డెమెటర్, ఆవిడ కూతురు పెర్సెఫొనీ. పాతాళం రాజు పిల్లని ఎత్తుకుపోయాడు, తల్లి దుఃఖానికి భూమంతా బీడైపోయింది. చివరికి పిల్ల కొన్ని నెలలు కింద, కొన్ని నెలలు పైన ఉండేటట్టు ఒప్పందమైంది. పిల్ల పైకొస్తే పచ్చదనం, వెళ్లిపోతే ఎండు. కథ అందరికీ నోటికొచ్చేసింది. అందులో థీమ్ ఏటర్రా అంటే మాత్రం నలభై మందీ నా మొహమే చూస్తన్నారు! ఏం జరిగిందో చెప్తారు గానీ, కథ దేని గురించో చెప్పలేరు. అప్పుడు నేనేటి చేశానో తెలుసా?”

“ఏటి సేసారు?” అన్నాడు దాలయ్య, లారీలకి ఉప్పు బస్తాలెత్తే మనిషి.

“‘ఒరే, మడిలోకి సముద్రం నీరు పెడతాం. ఎండకి నీరంతా పోతాది. అడుగున మిగిలేదేటి? ఉప్పు. కథా అంతే. రాజు, రథం, పాతాళం, అదంతా నీరు. ఆరనిచ్చి చూడండి, అడుగున మిగిలిందే థీమ్’ అన్నాను. నలభై చేతులూ లేచాయి!”

“మంచి మాట మాస్టారూ,” అన్నాడు ఎల్లాజీ, వడగట్టడం ఆపేసి.

ఆ మెప్పుతో మాస్టారికి ఊపొచ్చేసింది. “ఇదో లెక్కా! మర్నాడు గాలిదేవుడి కథ. గాలులన్నీ సంచిలో మూట కట్టేశాడని చెప్పి, మూట విప్పినట్టు ఇలా చెయ్యి ఊపానో లేదో, జంక్షన్లో ఆగున్న గూడ్సు, యాభై ఎనిమిది పెట్టెలు, ఇంజను లేకుండా పూండి స్టేషన్ దాకా వెళ్లిపోయింది! డ్రైవరు నీ బడ్డీలోనే టీ తాగుతున్నాడు కదా ఎల్లాజీ!”

“తాగే ఉంటాడు. శానామంది తాగుతారు.”

“ఆ తర్వాత ఏటయిందో తెలుసా? అన్న మాటే తిరిగి అనే కొండకన్య ఎకో కథ చెప్పి, ‘ఇందులో థీమ్ ఏటి?’ అని గట్టిగా అడిగాను. పిల్లలింకా ఆలోచిస్తన్నారు, అక్కడ మహేంద్రగిరి ‘ఒంటరితనం’ అనేసింది!”

“కొండకి మార్కులేసారా?” అన్నాడు దాలయ్య.

“పదికి తొమ్మిది. చెయ్యెత్తకుండా చెప్పింది, ఒకటి కోసేశాను. ఇక సముద్ర దేవుడి పాఠం రోజున భావనపాడు నుంచి సముద్రం లేచొచ్చి బడి మెట్ల మీద కూర్చుంది. మొదటి బెంచీలో మూడు వంజరం చేపలు నోట్సు రాసుకున్నాయి దాలయ్యా! ఆఖర్న పంటతల్లి కథ మళ్లీ ఎత్తుకున్నాను. తల్లి ఏడుపు దగ్గరకొచ్చేసరికి మబ్బు కమ్మేసి వాన మొదలు. ‘ఆగు! థీమ్ ఇంకా చెప్పలేదు’ అని చాక్‌పీసు చూపించాను. అంతే, వాన వెనక్కి తిరిగి ఒరిస్సా పోయింది!”

నారాయణమ్మ గ్లాసు కింద పెట్టింది.

“ఆ సాక్‌పీసు జోబీలో ఉన్నాదా మాస్టారూ?”

“ఆఁ?”

“ఉంటే రేపటి వానకి కూడా ఓపాలి సూపించీండి. నా పిల్ల శ్రీకాకులం వస్తాది.”

బల్ల బల్లంతా ఘొల్లుమంది. మాస్టారి చెయ్యి నిజంగానే జేబు దాకా వెళ్లి, వట్టిదే తిరిగొచ్చింది. ఆయన గొంతు తగ్గిపోయింది.

“వాన నా మాట వినదమ్మా. ఆ ఉప్పు మాట కూడా నాది కాదు. మూడు రోజులు థీమ్ థీమ్ అని గొంతు చించుకున్నాను, ఒక్కరికీ ఎక్కలేదు. నాలుగో రోజు మీ భవాని లేచి ఆ మాట అంది. పద్దెనిమిదేళ్ల సర్వీసులో నాకు తట్టని మాట. రేపు ఆ మాట నలుగురూ వినాలనే నా తాపత్రయం.”

“ఇది మాత్రం కోత మాస్టారూ!” అన్నాడు దాలయ్య. “సేపలు నోట్సు రాసాయంటే సరే అనుకున్నాను. పద్నాలుగేల్ల పిల్ల అంత మాటంటాదేటి?”

నారాయణమ్మ నవ్వలేదు. “కోత కాదు బావా. సిన్నప్పుడు గట్టు మీద కూకుని, ‘అమ్మా, ఇంత నీరూ ఏటైపోనాది’ అని ఏడ్సీది. ‘పోయిందాని కోసం ఏడవకే, అడుగున మిగిలింది సూడు’ అనీదాన్ని. పని తెమలాలని అన్నాను. అది బడి దాకా మోసుకెల్లిందన్నమాట.” కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మాస్టారు లేచి నిలబడి, గుడిలో నిలబడినట్టు, రెండు చేతులూ జోడించారు. “అయితే ఆ పాఠం నువ్వు చెప్పిందేనమ్మా.”

“దణ్ణాలొద్దు. పిల్లని మీ బడి సుహాసిని టీచరుతో పంపుతాను. మరి నాకు రెండు సేతులు తక్కువవుతాయి. తమరు రావాల.”

“నేనా! నేను తట్ట ఎత్తానంటే టెక్కలి దాకా...” అనబోయి, అందరూ తనవైపే చూస్తుంటే మాస్టారు మిగతాది మింగేశారు. “ఎన్నింటికమ్మా?”

“తెల్లారగట్ల నాలుక్కి.”

వెళ్లారండీ. పంచె ఎగగట్టి, ఉప్పు కోసిన కాళ్లతో, వగరుస్తూ మోశారు. ఆఖరి తాటాకు కప్పేదాకా సూర్యనారాయణుడు మబ్బు చాటుకి వెళ్లలేదు. కప్పాక పడింది మొదటి చినుకు.

భవానికి ఏం బహుమతొచ్చిందని మాస్టారిని అడిగితే రోజుకో రకంగా చెబుతారు. నిన్నటికైతే గ్రీకు దేశం రాజు విమానమెక్కి వచ్చి ఇచ్చాడు. ఆ రోజు ఎన్ని తట్టలు మోశారని అడగండి. పదకొండు. ఎప్పుడడిగినా పదకొండే, ఒక్కటీ కలపరు.