మూడు రోజులు పగిలిన రాయి

రాళ్ల బలం పరీక్షించే ల్యాబులో, రాయిని నొక్కి పగలగొట్టే ప్రెస్సు నడిపే మనిషిని అందరూ వందటన్నుల బావ అనేవాళ్లు. ఆ మిషను మోపే వందటన్నుల బరువూ తన చేతి సత్తువే అన్నట్టు మాట్లాడతాడు మరి. ఆ మధ్యాహ్నం ల్యాబు ఎదురుగా ఉన్న టీకొట్టులో, ఆయనకి నిజంగానే బావ అయ్యే సొరంగం మేస్త్రి వచ్చి కూర్చున్నాడు. మర్నాడు మేస్త్రి మనుషులు ఇరవైమంది కొండలోకి దిగాలి. పైకప్పు కింద ఇనుప కమానులు ఎంతెంత దూరంలో నిలపాలో, ఆ కొండ రాయి ఎంత బరువుకి పగిలిందో ఈయన చెప్పే అంకెని బట్టే తేలుతుంది. అంకె పెద్దదైతే కమానులు దూరదూరంగా నిలపొచ్చు. అంకె బాగా ఎక్కువొచ్చిందట కదా అని మేస్త్రి అనడమే ఆలస్యం, ఈయన అందుకున్నాడు.

"ఎందుకు రాదు బావా? మిగతావాళ్లు పంపు ఒక్కసారే తిప్పేస్తారు. రాయి అదిరిపడి పేలుతుంది, చేతికి పిండి మిగులుతుంది. నేనలా కాదు. వెంట్రుకలో సగమంత నొక్కుతా, ఆగుతా, ఎలా ఉందని కనుక్కుంటా, మళ్లీ నొక్కుతా. పొద్దున మొదలెడితే సాయంత్రానికి ఒక చిన్న గీత. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కాస్త వదిలా. ఆ గీత సిగ్గుపడి వెనక్కెళ్లి మూసుకుపోయింది."

ఎంతసేపు పట్టిందని టీకొట్టాయన అడిగాడు. మూడు రోజులట. గడ్డం పెరిగిందట, ముల్లు కదలక, బరువు చూపే గేజీలో సాలీడు గూడు కట్టిందట.

"మూడో రోజుకి రాయి రెండు ముక్కలైంది. అంత మెల్లగా పగిలితే ఆ సంగతి దానికెలా తెలుస్తుంది? బరువు మోస్తూనే ఉంది. చెంబంత రాయి, దాని మీద ల్యాబు మొత్తం ఎక్కి ఫొటో దిగాం. అంతేనా, అదే నిమిషాన అక్కడ కొండ కూడా అదే గీత మీద చీలి, పోనీలే అని మళ్లీ అతుక్కుంది."

బెంచీలన్నీ ఊగిపోయాయి. మేస్త్రికి నవ్వి నవ్వి పొలమారింది. నవ్వుతూనే, నాలుగు మీటర్లకో కమాను చాలని మనసులో లెక్క వేసేసుకున్నాడు.

మూల కూర్చున్న, ల్యాబులో రికార్డులు రాసే ఆవిడ టీ పక్కన పెట్టి, సంచీలోంచి మిషను గీసిన కాగితం తీసి బెంచీ మీద పరిచింది.

"మొదలుపెట్టింది పన్నెండూ యాభై ఎనిమిదికి. రాయి పగిలింది నలభై సెకన్లకి. ఒంటిగంటకి మీరు ఇక్కడ టీ తాగుతున్నారు."

ఈసారి నవ్వు వీధి దాటింది. మేస్త్రి ఒక్కడే నవ్వలేదు. తొందరగా నొక్కితే అంకె మారుతుందా అని ఆవిణ్ణి అడిగాడు. మారుతుందంది. తొందరపెడితే రాయి తేరుకునేలోపే అంకె ఉన్నదానికన్నా పైకెక్కి కూర్చుంటుంది, కొండ అంత తొందరపడదు అంది.

మేస్త్రి లేచి బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"పద, ఇంకో రాయి పెట్టు. మెల్లగా నొక్కు, పక్కనే కూర్చుంటా."

"మూడు రోజులు పడుతుంది బావా," అన్నాడాయన, గొంతు తగ్గించి.

"పట్టనీ. మావాళ్లకి సెలవు చెప్పొస్తా."