సౌభాగ్యమ్మ చేతి తిట్లు

ఏంటీ, మెత్తగా మాట్లాడాలా? ఎవరితో, నువ్వు తీసుకొస్తానన్న ఆ కుర్రాడితోనా? అది మీ ట్రైనింగులో చెప్పారా, నువ్వే కనిపెట్టావా? అబ్బే, కోపం కాదు జాయిస్, కూర్చో. ఆ కుర్చీ కాలు ఊగుద్ది, ఇటు రా, ఇందులో కూర్చో, కరెంటు పోయింది, ఇక్కడైతే కాస్త గాలొస్తుంది. మా అల్లుడి టిఫిన్ సెంటర్లో ఎవర్ని పెట్టుకున్నా నాకేం అభ్యంతరం లేదు తల్లీ. కొన్నాళ్ళు పక్కన నిలబడి పని చూస్తాడు, చేతికొస్తే చేస్తాడు, అంతేగా? దానికేదో పేరు చెప్పావే... ఆఁ, జాబ్ షాడోయింగు. బాగుంది పేరు. మా రోజుల్లో పక్కన నిలబెట్టడం అనేవాళ్ళం, ఇంగ్లీషు లేదు గనక జీతం కూడా లేదు. కానీ ఇందాక "తాతయ్యా, ఆ అబ్బాయిని ఒక్క మాట కూడా అనకండి" అన్నావు చూడూ, అక్కడ నాకు సౌభాగ్యమ్మ గుర్తొచ్చి నవ్వాగలేదు. నీకు తెలీదులే, నువ్వు పుట్టకముందే పోయింది. మీ అమ్మనడుగు, చెప్పుద్ది. జగ్గయ్యపేట బస్టాండు ఎదురుగా హోటలు. ఆవిడ చేతి అల్లం చట్నీ తిని, ఆవిడ నోటి చీవాట్లు తిని, చేయి కడుక్కుని మళ్ళీ మర్నాడు వచ్చేవాళ్ళు జనం.

నేనక్కడ అట్ల మాస్టర్ని. ఇప్పుడీ నందిగామలో అల్లుడి అరుగు మీద కూర్చుని ఈగలు తోలుకుంటున్నాగానీ, అప్పట్లో ఈ రత్నబాబు పెసరట్టు అంటే సిమెంటు లారీలు ఆగేవి రోడ్డు మీద. హైవే ఇంత వెడల్పు లేదప్పుడు. కానిస్టేబులొచ్చి "బండి తియ్యవయ్యా" అంటే "అట్టు తిరగేశాడు సార్, వచ్చేస్తుంది" అనేవాళ్ళు డ్రైవర్లు. నమ్మవేం? సరే నమ్మకు. అందరం ఆవిణ్ణి అక్కా అనేవాళ్ళం, మా నాన్న వయసు ముసలాయన గ్లాసులు కడిగేవాడు, ఆయనా అక్కా అనేవాడే. మనిషి పొట్టి, లావు. క్యాష్ కౌంటర్ వెనకాల కూర్చుంటే కొప్పు మాత్రం కనపడేది. నోరు తెరిచిందా, అవతల బస్టాండులో కండక్టర్లు విజిలు ఆపి వినేవాళ్ళు. "ఒరేయ్ రత్నబాబూ, నీ చేతులు విరగ, అది అట్టా రేకు ముక్కా? దానితో కొడితే బస్సు అద్దం పగుల్తుంది గదరా సన్నాసీ!" ఇది నాకు పొద్దున్నే సుప్రభాతం. పాలవాడికి వేరే. కట్టెలవాడికి వేరే. తినేవాళ్ళనీ వదిలేది కాదు. ఒకసారి ఒక పెద్దాయన మళ్ళీ మళ్ళీ సాంబారు అడిగాడని, "ఏవయ్యా, ఇడ్లీ తింటున్నావా, దాంతో కలిసి ఈత కొడుతున్నావా?" అంది. ఆయనేదో ఆఫీసులో పెద్ద ఉద్యోగి అంట. మర్నాడు పెళ్ళాన్ని కూడా తీసుకొచ్చాడు, చూపించడానికి.

అయితే ఒకటుంది. ఎవర్నైనా తిట్టిందనుకో, కాసేపాగి తనే లేచొచ్చి చిక్కటి కాఫీ కలిపి వాడి ముందు పెట్టేది. ఏం మాట్లాడేది కాదు, పెట్టి పోయేది. తిట్టు తిన్నోడికి కాఫీ, అదీ మా హోటల్ రూలు. మాకు భయం ఎప్పుడంటే, ఆవిడ మర్యాద ఇచ్చినప్పుడు. ఒక సప్లయర్ కుర్రాడు, సతీష్‌బాబని, తినేవాళ్ళ జేబుల్లోంచి సిగరెట్లు లేపేవాడు. ఒకరోజు వాణ్ణి పిలిచి, "సతీష్‌బాబు గారూ, రేపట్నుంచి తమరు రానక్కర్లేదండి" అంది. గారూ, తమరూ! వాడు ఏడ్చుకుంటూ పోయాడు. అప్పట్నుంచీ ఒకపూట తిట్టు పడకపోతే, ఏవైందిరా బాబూ, మనకి మూడిందా అని ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకునేవాళ్ళం.

ఇదిగో, ఈ గొడవలోకి వచ్చింది మహిమ. మా చర్చికి అప్పుడు ప్రేమానందం అయ్యగారు పాస్టరు. మహా మెత్తటి మనిషి, దోమ కుట్టినా దాన్ని బతిమాలి పంపేవాడు. ఆయనకొక ఆలోచన వచ్చింది. చదువైపోయి ఇంటిపట్టున ఉన్న పిల్లలు, కాలు సరిగా లేనోళ్ళు, చూపు లేనోళ్ళు, వాళ్ళని ఊళ్ళో పనిచేసే ఒక్కొక్కరి పక్కన నిలబెట్టి పని చూపించాలని. ఇలాంటి పిల్లల కోసం ఇప్పుడు నువ్వు చేసేదే, కాకపోతే ఆయన దగ్గర సైకిలుండేది, నీ దగ్గర స్కూటీ ఉంది. ఒకణ్ణి సైకిల్ షాపులో పెట్టాడు, ఒక పిల్లని టైలర్ దగ్గర పెట్టాడు, ఈ మహిమని మా హోటలుకి తెచ్చాడు. పెనుగంచిప్రోలు పిల్ల. పద్దెనిమిదేళ్ళుంటాయేమో. వినపడదు, మాట రాదు. మూగపిల్ల అనేవాళ్ళం... అనకూడదా? సరే, డెఫ్. వాళ్ళమ్మ మిరపకోతలకి పోతా పిల్లని ఇంట్లో కూర్చోబెట్టి పోయేది. కోతలకి తీసుకుపోదామంటే మేస్త్రి వద్దనేవాడు, వెనక ట్రాక్టరొచ్చినా వినపడదు, నాకెందుకొచ్చిన గొడవ అని. దాంతో ఆ పిల్ల పొద్దస్తమానం గుమ్మంలో కూర్చునేది. దారినపోయేవాళ్ళు పాపం అనేవాళ్ళు, ఒక బిస్కెట్టు చేతిలో పెట్టేవాళ్ళు. పద్దెనిమిదేళ్ళ దానికి బిస్కెట్టేంటి, నా బొంద! అందుకే హోటలంటే లేచొచ్చింది. క్రిస్మస్ పండక్కి మూడు నెలలుంది, ఆలోపు పని పట్టుబడితే ఉంటుంది, లేదంటే మళ్ళీ ఆ గుమ్మమే. ఆ సంగతి అయ్యగారు చెప్పాడు, వాళ్ళమ్మ చెప్పింది, ఆ పిల్లకీ తెలుసు.

తెచ్చినవాడు తెచ్చి ఊరుకున్నాడా? సౌభాగ్యమ్మ నోటి సంగతి ఊరంతా తెలుసు గదా. కౌంటర్ ముందు నిలబడి ఇంత పొడుగు ప్రార్థన చేశాడు. "ప్రభువా, ఈ సోదరి నోట ఈ బిడ్డ మీద ఒక్క దూషణ మాటైనా రాకుండా కావలి ఉంచు తండ్రీ" అని చేసి, కళ్ళు తెరిచి, "ఆమెన్ అనమ్మా" అన్నాడు. మేమంతా వంటింటి కిటికీలో తలలు పెట్టి చూస్తున్నాం. పన్ను నొప్పి ఉన్నవాళ్ళు అన్నట్టు అంది అక్క, ఆమెన్. అన్నాక మాత్రం దానికి కట్టుబడింది, ఆ విషయంలో ఆవిడ నిఖార్సైన మనిషి. పిల్లని కౌంటర్ పక్కన ఫ్యాన్ కింద స్టూలేసి కూర్చోబెట్టింది. బంగారం అనేది, తల్లీ అనేది, గడ్డం పుచ్చుకునేది. ఆ పిల్ల గ్లాసు తుడుద్దామని పుచ్చుకుంటే చేతిలోంచి లాగేసి, నువ్వు చూడమ్మా చాలు అని నవ్వేది. ఆవిడకి నవ్వటం అలవాటు లేదు, ఆ నవ్వు చూస్తే మేమే వంటింట్లోకి తప్పుకునేవాళ్ళం. అయ్యగారు వారానికోసారి వచ్చి చూసుకుని, ఎంత ప్రేమ, ఎంత ప్రేమ అనుకుంటా సైకిలెక్కి పోయేవాడు.

ఆ పిల్ల స్టూలు మీద కూర్చుని ఏం చేసుద్ది? చూసుద్ది. తిట్టుకి వినపడక్కర్లేదు తల్లీ, కనపడుద్ది. అక్క పెదాలు, అక్క చేతిలో గరిటె, నా మొహం, కాసేపటికి నా ముందు కాఫీ. అన్నీ చూసింది. సతీష్‌బాబు గారి సాగనంపూ చూసింది, అది ఆ పిల్ల వచ్చినాకే జరిగింది. తనకేమో ఎప్పుడూ నవ్వే. ఒకరోజు చెయ్యి జారి గ్లాసు పగిలింది. బిక్కచచ్చి అక్క వైపు చూసింది. అక్క నవ్వింది. మర్నాడు ఇంకోటి పగిలింది, అది జారిందో జార్చిందో చెప్పలేను. అక్క నవ్వింది. ఆ తర్వాత రోజు, టిఫిన్లు మాంచి జోరు మీదుండగా, లేచి వంటింట్లోకొచ్చి, అప్పుడే తాలింపు పెట్టిన పల్లీ చట్నీ బేసిను రెండు చేతులా పైకెత్తి, అక్క కళ్ళలోకి చూస్తా, ధన్‌మని కింద పడేసింది. అమ్మో అమ్మో! నా కాళ్ళు, గోడలు, పొయ్యి, మొత్తం చట్నీ. అక్క మొహం మిరపకాయ రంగుకొచ్చింది. ఆ తిట్టు గొంతు దాకా వచ్చింది, నాకు తెలుసు, ఇన్నేళ్ళ అనుభవం. గుటకేసి మింగి, "పర్లేదు బంగారం... ఒంటి మీద... పడలేదు గదా" అంది. అనేసి గిర్రున నా వైపు తిరిగి, "ఒరేయ్ రత్నబాబూ! నీ పాడె కట్ట, నీ కళ్ళు నెత్తికెక్కినయ్యా, బేసిను అక్కడ పెట్టిందెవడ్రా, దున్నపోతు మొహవా!" అని లంకించుకుంది. నాకేం సంబంధం చెప్పు? అట్టు మాడుతోంది, ఇటు తిట్లు పడుతున్నాయి. అంతా అయ్యాక కాఫీ తెచ్చి నా ముందు పెట్టింది.

అది చూసింది ఆ పిల్ల. ఆ కాఫీని. తన తిట్టు నాకు పోయింది, తన కాఫీ నాకు పోయింది. మొహం ఇంత అయిపోయింది. గబగబా బయటికి పోయి పెనుగంచిప్రోలు ఆటోలో ఎక్కి కూర్చుంది. నాసర్ ఆటో అది. అక్క పరిగెత్తుకొచ్చి, "ఏవైందిరా దీనికి, ఏవన్నానురా నేను?" అంది. నాకు ఒళ్ళు మండిపోయి ఉంది, కాళ్ళకింకా చట్నీ కారుతోంది. "ఏవీ అనలేదు, అదే రోగం! దాని వాటా దానికివ్వక్కా, ఇద్దరి తిట్లు నేనొక్కణ్ణే మొయ్యలేను. రేపో మాపో గారూ అని పంపించేస్తావని దానికి అర్థమైపోయింది" అని అరిచా. అక్క "దేవుడి ముందు మాటిచ్చాను గదరా" అంది. ఏడుపు గొంతుతో అంది, ఆ గొంతు నేనెప్పుడూ వినలా. అప్పటికి నాసర్ బండి స్టార్ట్ చేశాడు.

పరిగెత్తింది. అక్క, ఆ ఒళ్ళుతో. ఆటో ముందు నిలబడింది. నోరు తెరిచింది, మూసింది. తెరిచింది, మూసింది. ఇహ లాభం లేదని చేతులెత్తింది చూడు, నా సామిరంగా! తన నెత్తి కొట్టుకుంది, పిల్ల నెత్తి చూపించింది. ఆటో రాడ్డు మీద టకటకా కొట్టి, పిల్ల బుర్ర మీద అంతే కొట్టింది, రెండూ ఒకటే అని. పల్లీలు వేయించింది, రోట్లో రుబ్బింది, భుజం నొప్పెట్టి పట్టుకుంది, బేసిను ఎత్తి పడేసింది, అంతా గాల్లోనే. కోడి మెడ తిప్పినట్టు తిప్పి, నిన్నూ అని వేలు చూపించింది. ఆఖర్న రెండు చేతులూ ఆకాశానికెత్తి, ఇట్లాంటిదాన్ని నాకెందుకు తగిలించావయ్యా అని దేవుణ్ణి కూడా కలుపుకుంది. నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. బస్టాండంతా గుడ్లప్పగించి చూస్తోంది. నాసర్ "ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?" అన్నాడు. వాడికి మాత్రం నోటితోనే ఇచ్చింది. ఆ పిల్ల నోరు వెళ్ళబెట్టి చూసి చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. ఆ పిల్ల గొంతు మేం వినడం అదే మొదలు. దిగి, తిన్నగా లోపలికొచ్చి, కొంగు దోపి, చట్నీ కడిగింది. కడిగాక కాఫీ వచ్చింది. దాన్ని ఆ పిల్ల గుక్క గుక్కకీ ఆగి తాగుతుంటే, నిజం చెబుతున్నా, నాకు కళ్ళు కుట్టాయి.

తర్వాతేముంది, స్టూలు పీకి అవతల పారేశారు. పండగొచ్చింది, పోయింది, పిల్ల పోలేదు. పిండి పట్టుబడింది, చట్నీ పట్టుబడింది, నా పెనం దగ్గరికి కూడా వచ్చి నిలబడేది, నాకు భయమేసేటట్టు. చేతి తిట్లు పెరిగి పెరిగి పెద్ద భాషైపోయింది. వాళ్ళ స్కూల్లో నేర్పిన సైగలు వేరు, అవి మర్యాదస్తులవి. ఇవి మా వంటింటివి. ఆ పిల్ల ఊరుకుంటుందా, తిరిగి తిట్టేది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి చేతులాడిస్తుంటే డ్రైవర్లు సాంబార్లో ఇడ్లీ వదిలేసి చూసేవాళ్ళు. అయ్యగారు ఇవేం చూడలేదు, ఆయనకప్పటికే మైలవరం చర్చికి బదిలీ అయింది.

చాలా ఏళ్ళు బాగానే గడిచింది. ఒక శనివారం మధ్యాహ్నం ఎవరూ వద్దంటున్నా పిండి గిన్నె తనే ఎత్తింది అక్క. ఎత్తి, గుండె పట్టుకుని కూర్చుండిపోయింది. అంతే. ఆవిడకి పిల్లల్లేరు, మొగుడు ఎప్పుడో పోయాడు, హోటలు అద్దె కొట్టు. హోటల్ ముందే పెట్టె పెట్టారు. జనం, అబ్బో, రోడ్డు నిండిపోయింది. మేమంతా ఒక వరసలో నిలబడి ఏడుస్తున్నాం, ఆవిడ కోసం సగం, రేపట్నుంచి మన గతేంటని సగం. అక్క చుట్టాలెవరో మహిమని తీసుకుపోయి ఒక మూల కుర్చీలో కూర్చోబెట్టారు. పాపం, దీనికేం తెలుసు అనుకుంటా తల నిమురుతున్నారు. ప్రేమానందం అయ్యగారు మైలవరం నుంచి వచ్చి వాక్యం చెబుతున్నాడు. మధ్యలో ఈ పిల్ల ఆ చేతులన్నీ విదిలించుకుని లేచొచ్చి పెట్టె ముందు నిలబడింది. నిలబడి, చేతులతో మొదలెట్టింది.

బీపీ బిళ్ళ వేసుకోమంటే కిటికీలోంచి విసిరావు కదే. గిన్నె నేనెత్తుతానంటే నన్ను నెట్టావు కదే. పెట్టె చెక్క మీద టకటకా కొట్టింది, నీ బుర్ర ఇదే అని. మెడ తిప్పింది. నెత్తి కొట్టుకుంది. కొన్ని నేను నీకు చెప్పలేను, ఆడపిల్లవి. చేతులు ఆకాశానికెత్తి పైవాడికి పెట్టాల్సింది పైవాడికి పెట్టింది. కళ్ళలోంచి ధారలు కారిపోతున్నాయి, చెయ్యి ఆగట్లా. అయ్యగారు చూశాడు. చెప్పే వాక్యం ఆపేశాడు పాపం. "ఈ బిడ్డ తన భాషలో ప్రార్థన చేస్తోంది. అందరం లేచి, తలలు వంచుదాం" అన్నాడు. లేచారు! అంత జనం, చుట్టాలు, పెద్దమనుషులు, లారీ డ్రైవర్లు, తలలు వంచుకుని నిలబడితే, ఆ పిల్ల బండబూతులు తిడుతోంది. మా హోటలోళ్ళం కండువాలు నోట్లో కుక్కుకున్నాం. నవ్వో ఏడుపో నాకిప్పటికీ తెలీదు. ఆ పిల్ల చేతులు దించాక, ఆయన "ఆమెన్" అన్నాడు, రోడ్డంతా "ఆమెన్" అంది. నా చెయ్యి పట్టుకుని, "ఇంత గొప్ప ప్రార్థన నేనెరగనయ్యా" అన్నాడు. అవునండి అన్నా. ఏం చెప్పమంటావ్?

అప్పుడు మా వైపు తిరిగింది. మొహం తుడుచుకుంది. వరసలో అందర్నీ చూసి, చూసి, నా ముందుకొచ్చి ఆగింది. ఆ జనాన్ని చూపించింది, చేత్తో గ్లాసు చూపించింది, నా బుర్ర మీద టకటకా కొట్టింది. ఎక్కడెక్కణ్ణుంచో వచ్చారు, ఒక్కడి గొంతులో టీ చుక్క పోసే దిక్కు లేదు, ఇక్కడ నిలబడి ఏడుస్తావేంట్రా దద్దమ్మా అని. కుడిచేత్తో కోడి మెడ తిప్పి, వేలు నాకేసి చూపించింది.

పొయ్యి వెలిగించా. హోటలు మూతపడదని నాకప్పుడు తెలిసింది.

...

ఆఁ? కళ్ళలో నీళ్ళా? ఏం లేదు. కరెంటొచ్చినట్టుంది, ఆ ఫ్యాన్ వెయ్ తల్లీ, ఉక్కపోస్తోంది.